ఒకే సీసా నీళ్లు

మూలన ఉన్న డబ్బాలో రెండు చిట్టెలుకల పొట్టలు ఉబ్బి కనిపించినప్పుడు, చూలుతో ఉన్నాయేమో అనుకుంది నర్సింగమ్మ. తర్వాత డబ్బాకున్న నీలం చీటీ చూసింది. నీలం చీటీ ఉంటే లోపలివన్నీ మగవి.

చేతిలోని నీళ్ల సీసా కింద పెట్టి, మాస్కు సర్దుకుని, వంగి మళ్లీ చూసింది. ఒక తల్లి కన్న పిల్లలే అన్నీ. కొన్ని చురుగ్గా పొట్టు తవ్వుకుంటున్నాయి. ఆ రెండూ మాత్రం ఒక పక్కకు ఒదిగి కూర్చున్నాయి. నల్లటి వెంట్రుకల కింద పొట్ట రెండు వైపులా ఎత్తుగా ఉంది. ఆ ఎత్తు ఇదివరకు ఎక్కడ చూసిందో ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. భర్త సైదులు ఆఖరి ఏడాది నులక మంచం మీద వెల్లకిలా పడుకుంటే, పక్కటెముకల కింద అచ్చం అట్లాగే ఉండేది.

నీళ్లు, అనుకుంది. నేను పోసిన నీళ్లే.

చౌటుప్పల్ దాటాక హైవే దిగి లోపలికి వెళ్తే, మందుల మీద పరిశోధన చేసే కంపెనీ ఒకటి ఉంది. అందులో ఎలుకల గదులున్నాయి. నర్సింగమ్మ అక్కడ డబ్బాలు కడుగుతుంది, అడుగున పరిచే మక్కజొన్న బెండ్ల పొట్టు మారుస్తుంది, సీసాల్లో నీళ్లు నింపి డబ్బాలకు తగిలిస్తుంది. లోపలికి పోయే ముందు స్నానం చేసి, వాళ్లిచ్చిన బట్టలు తొడుక్కుని, జుట్టంతా టోపీలోకి దూర్చుకోవాలి. ఎలుకలకు పోసే నీళ్లు ఒక మిషన్లో వడపోసి, మరో మిషన్లో ఆవిరికి కాచి, చల్లార్చినవి. పనిలో చేరిన కొత్తలో ఆ సంగతి విని, "మా ఊర్ల మనుషులకు గిసంటి నీళ్లు దొరికితే మా ఇంటాయన బతికేటోడు" అన్నది. అన్ని పనుల్లో ఆమెకు నీళ్ల పని మీదే శ్రద్ధ ఎక్కువ. సీసాను వెలుగుకు ఎత్తి చూడకుండా ఏ డబ్బాకూ తగిలించదు.

అటువంటి తన చేతి మీదుగానే ఇట్లా జరిగింది. ఆ మధ్య వడపోత మిషన్ ఆగిపోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు సీసాలను, డబ్బాలు కడిగే చోట ఉన్న నల్లా కింద కడిగింది. అది బోరు నీళ్ల నల్లా. కడిగి పారబోసిందా, తొందరలో ఒకటో రెండో అట్లాగే నింపి తగిలించిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. పారబోసినట్టే ఉంది. ఇంకోసారి ఆలోచిస్తే, పారబోయనట్టూ ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లు అందరికంటే ముందే వచ్చి ఆ గది సీసాలన్నీ రెండోసారి కడిగింది. ఎవరైనా తలుపు తీస్తే అప్పుడే పని మొదలుపెట్టినట్టు నటించింది. ఎలుకల పొట్టలు తగ్గలేదు. పక్క డబ్బాలో ఇంకో దానికి మొదలైంది. కిరాయి గదిలో ఒక్కతే కూర్చుని అన్నం కలుపుకుంటున్నా అదే ఆలోచన. ఏదో ఒక రోజు సార్లు కనిపెడతారు. తనను పిలిపించి, అందరి ముందూ అడుగుతారు. అంతకంటే ముందే తనే చెప్పుకోవాలనుకుంది. సార్లకు కాదు, ఇఫ్రాకు.

ఇఫ్రా చౌటుప్పల్ పిల్ల. ఎలుకలను చూసుకునే టెక్నీషియన్. వాటి చెవులకు గుర్తులు పెట్టేది, పిల్లలు కాస్త ఎదగగానే తల్లి నుంచి తీసి వేరే డబ్బాల్లో వేసేది ఆమే. అట్లా వేరు చేసే రోజు నర్సింగమ్మ ఆ గదిలో నిలబడలేకపోతుంది. ఏదో పని కల్పించుకుని బయటికి పోతుంది. ఇఫ్రా అది కనిపెట్టి, ఇప్పుడు తనే ముందుగా చెప్తుంది: "అమ్మా, ఇయ్యాల పిల్లలను తీస్తున్న. నువ్వు జర అటు పో." ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం తిండి దగ్గర, మిగతావాళ్లు లేచిపోయేదాకా ఆగి, నర్సింగమ్మ గొంతు తగ్గించి అన్నది.

"బిడ్డా, నీకొక మాట చెప్పాలె. సార్ దాంక పోనియ్యకు."

"ఏంది, మళ్ల సెలవా?"

"సెలవు గాదు. గా మూలకున్న డబ్బల ఎలుకలకు పొట్టలు ఉబ్బినయ్. నేనే ఏదో రోజు బోరు నీళ్లు పోసిన గావచ్చు. నీళ్లు పడక గట్లయినయ్."

ఇఫ్రా నోట్లో ముద్ద ఉండగానే నవ్వింది. నవ్వి, నర్సింగమ్మ మొహం చూసి ఆపుకుంది.

"అయ్యో అమ్మా. నువ్వు నీళ్లు పోస్తేనే గట్లయితే మా సార్లకు పనేముంటది? గవి గట్ల ఉబ్బాలనే గద ఇంత తిప్పలు పడేది."

"ఉబ్బాలెనా?"

"గవి పుట్టుకతోనే గట్ల. వాటి తాతల కాలంలనే సార్లు లోపల ఒక్క జీన్ మార్చిన్రు. జీన్ అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగేది. ముక్కు దిగుతది, రంగు దిగుతది గద, గట్లనే ఇది గూడ. గది దిగిన పిల్లకు కిడ్నీల నిండ బుడగల లెక్క నీటి బుగ్గలు వస్తయ్. దిగని పిల్లకు రావు. ఒక్క కానుపులనే సగం వాటికి ఉంటది, సగం వాటికి ఉండదు."

"ఒకటే నీళ్లు తాగినా?"

"ఒకటే సీసా గదమ్మా. నువ్వే గద పోసేది."

నర్సింగమ్మ చేతిలో గిన్నె మూత పట్టుకుని అట్లాగే కూర్చుంది.

"మనుషులకు గూడ గిట్లనే ఉంటదా?"

"మనుషులకు ఉంటదనే గద ఎలుకలకు తెప్పిచ్చిన్రు. మందు దొరుకుతదేమోనని."

"మరి నీళ్లతోని రాదా? మా దిక్కు నీళ్లు మంచియి కావు గద."

"గా నీళ్లతోని ఎముకలు పోతయ్, పండ్లు పోతయ్. మా నానికి, గదే మా అమ్మమ్మకు గూడ నడుము వంగిపోయె. గీ బుగ్గలు మాత్రం నీళ్లతోని రావమ్మా." ఇఫ్రా టిఫిన్ డబ్బా మూసి ఆమె వైపు చూసింది. "ఎందుకు గట్ల అడుగుతున్నవ్?"

"ఊకెనే."

ఎలుకల విషయంలో తన తప్పేమీ లేదని తెలిసినా, నర్సింగమ్మకు తేలిగ్గా అనిపించలేదు. ఆ సాయంత్రం ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఇంటికి వస్తుంటే, అందరూ తన మొహమే చూస్తున్నారనిపించి తల వంచుకుంది.

సైదులు పోయింది తెలంగాణ వచ్చిన ఏడాది. నల్లగొండ జిల్లా కట్టంగూర్ దగ్గర పల్లె వాళ్లది. ఆ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి ఎవరికీ చెప్పనక్కర లేదు. కాళ్లు వంకరపోయినవాళ్లు, పచ్చటి గారపళ్ల పిల్లలు, మెడ తిప్పలేని ముసలివాళ్లు ప్రతి వాడలో ఉన్నారు. ఎవరికి ఏ రోగం వచ్చినా నీళ్లే అనేవారు, చాలాసార్లు నిజం కూడా అదే. సైదులుకు మొదట తలనొప్పి. మెడికల్ షాపులో గోళీలు తెచ్చి రోజూ మింగేవాడు. తర్వాత పొట్ట. నల్లగొండ పెద్ద దవాఖానలో స్కానింగ్ తీసి, కిడ్నీల నిండా బుగ్గలున్నాయన్నారు. అప్పుడు డాక్టర్ ఒక మాట అడిగాడు: మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?

నర్సింగమ్మ వెంటనే జవాబు చెప్పింది. "మా ఊరంత గవే నీళ్లు తాగుతరు సార్."

డాక్టర్ అడిగింది ఊరి సంగతి కాదు. అత్తమ్మ కూడా పొట్ట ఉబ్బే పోయిందన్న మాట ఆ రోజు నోటికి రాలేదు. డాక్టర్ పిల్లల గురించి కూడా ఏదో అన్నాడు. ఆమె వినలేదు. అప్పటికే లోపల ఒక నిర్ణయం జరిగిపోయింది. పిల్లలకు ఆ నీళ్లు తప్పించాలి.

ఇద్దరు పిల్లలు. పెద్దవాడు నరేశ్. చిన్నది నిరోష, అప్పుడు మూడో తరగతి. ఇద్దరినీ పంపే దారి లేదు. మహబూబ్‌నగర్‌లో ఉన్న అక్క జంగమ్మకు పిల్లలు లేరు, ఒకరినైతే చూసుకుంటానన్నది. మగపిల్లవాడు ఇంటి దగ్గర ఉండాలని ఎవరూ అనలేదు. ఎవరూ అనకుండానే అట్లా జరిగింది. బస్టాండులో నిరోష ఏడవలేదు. కిటికీ దగ్గర కూర్చుని, "నీళ్లు మంచిగయినంక వస్తవా?" అని అడిగింది. వస్తానన్నది నర్సింగమ్మ.

ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఆడపిల్లనైనా ఆ నీళ్ల నుంచి బయట పడేసింది అన్నారు. నిరోష సెలవులకు వస్తే కట్టంగూర్ నుంచి ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెప్పించేది. అది నిరోషకు మాత్రమే. ఒకసారి పిల్ల అన్న తాగే గ్లాసు ఎత్తి నోట్లో పెట్టుకోబోతే చేతి మీద కొట్టింది. గ్లాసు కింద పడి దొర్లింది.

"నేనేమన్న సుట్టాన్నా?" అన్నది నిరోష.

తర్వాత ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లాలు వచ్చాయి. ఆ వారంలోనే నిరోష ఫోన్ చేసింది. "అమ్మా, నల్లా వచ్చిందట గద. మంచి నీళ్లేనట గద."

"వచ్చింది బిడ్డా."

"అయితే నేను వచ్చెయ్యాల్నా?"

"చూద్దాం. బడి నడిమిట్ల ఎట్ల వస్తవ్? పరీక్షలు కానియ్."

పరీక్షలయ్యాయి. నిరోష మళ్లీ అడగలేదు. నర్సింగమ్మ కూడా ఎత్తలేదు. అప్పటికి కూలికి పోవడం, వచ్చి ఇద్దరికే వండుకోవడం అలవాటైంది. పిల్లను తీసుకుపోతానంటే అక్క మొహం ఎట్లా అవుతుందోనని భయం. మహబూబ్‌నగర్ బడి మంచిదని సర్దిచెప్పుకోవడం ఒకటి. అన్నీ నిజాలే. కానీ బస్సెక్కి పోయి పిల్లను తెచ్చుకోకపోవడానికి అవన్నీ కలిపినా చాలవని ఆమెకు తెలుసు. ఎవరైనా అడిగితే మాత్రం పాత మాటే చెప్పేది: "నీళ్లు బాగలేవని పంపిన." తల్లిగా ఆమె దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. కూతురికి చెప్పుకోవడానికైనా, తనకు తాను చెప్పుకోవడానికైనా.

ఇప్పుడు ఆ ఒక్కటీ తప్పని తేలింది. తేలిన సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఆ జవాబు అట్లాగే ఉండిపోతుంది.

కానీ పిల్లలిద్దరిలో ఎవరికైనా ఆ రోగం దిగి ఉంటే?

ముందుగా నరేశ్‌కు ఫోన్ చేసింది. వాడు మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ లారీ నడుపుతాడు. తనకు ఒంట్లో బాగా లేదని అబద్ధం చెప్పి పిలిపించి, చౌటుప్పల్‌లోనే స్కానింగ్ చేయించింది. "నాకెందుకే, నాకేమైంది?" అని విసుక్కుంటూనే పడుకున్నాడు. ఏమీ లేదన్నారు. రెండు కిడ్నీలూ శుభ్రంగా ఉన్నాయన్నారు. అన్నేళ్లూ ఆ ఊరి నీళ్లే తాగిన పిల్లవాడు. నర్సింగమ్మ అక్కడే, మెట్ల మీదే కూర్చుని దండం పెట్టుకుంది. చేతులు దించుతుండగా, ఎవరికి ముందు పరీక్ష చేయించిందో గుర్తొచ్చింది.

ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఊరికే ఉంది. నిరోష కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోంది, చెడగొట్టడం ఎందుకనుకుంది. వయసు పిల్ల, ఏమీ ఉండదులే అనుకుంది. ఒక ఆదివారం జంగమ్మ ఫోన్‌లో మాట్లాడుతూ మాటల మధ్యలో, "పొద్దుగాల గ్రౌండుల ఉరికొస్తది, తలకాయ నొస్తదంటది, మెడికల్ షాపుల గోళీ తెచ్చి మింగుతది. చెప్తే వినదు" అన్నది.

మరునాడు సెలవు పెట్టి, ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక ఆధార్ కార్డు బొడ్లో దోపుకుని, హైదరాబాద్ మీదుగా మహబూబ్‌నగర్ బస్సెక్కింది. సంచిలో, ఎప్పటిలాగే, మూత తీయని నీళ్ల సీసా ఒకటి కొనిపెట్టుకుంది. అది తన కోసం కాదు. కూతురిని చూడబోయేటప్పుడు చెయ్యి అలవాటుగా కొంటుంది.

"ఏందే, చెప్పకుండ చెయ్యకుండ ఊడిపడ్డవ్?" అన్నది జంగమ్మ తలుపు తీస్తూ. "ఎలుకలు నిన్ను ఎల్లగొట్టినయా?"

"లేదక్కా. జర పిల్లను చూసి పోదామని."

"చూడు, అరిగిపోదు. ఏందట్లున్నవ్, ఎండల నడిచొచ్చినవా? మొహం పాలిపోయింది."

నిరోష గ్రౌండు నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. పొడుగ్గా, తండ్రి పోలిక. తల్లిని చూసి, "ఎప్పుడొచ్చినవమ్మా? తిన్నవా?" అని అడిగింది. ఇంటికొచ్చిన వాళ్లను అడిగినట్టు. నర్సింగమ్మ తిన్నానన్నది. నిరోష గడప మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ, ఒక చేత్తో కణతలు నొక్కుకుంది. బ్యాగులోంచి గోళీల అట్ట తీసింది.

"ఏం గోళీలవి?"

"నొప్పులవి. కాళ్లు గుంజుతయ్, తలకాయ నొస్తది."

"రోజు మింగుతున్నవా?"

"నొస్తే మింగుత."

"ఇయ్యాల మింగకు బిడ్డా."

"ఎందుకు?" నిరోష నవ్వింది. "ఈ ఇంట్ల నీళ్లు గూడ మంచియి కావా?"

జంగమ్మ లోపల చాయ్ గిన్నె దించుతూ ఆగిపోయింది. నర్సింగమ్మ సంచిలో చెయ్యి పెట్టింది, సీసా తగలగానే చేతిని మళ్లీ బయటికి తీసుకుంది. బస్సులో దారి పొడవునా కూర్చిపెట్టుకున్న మాటలు ఒక్కటీ వరుసలో రాలేదు.

"మా కాడ ఎలుకలున్నయ్" అన్నది.

"తెలుసు."

"కొన్నిటికి పొట్టలు ఉబ్బుతయ్. మీ నాయినకు అయినట్టు. నేను నీళ్లతోని అనుకున్న. నీళ్లు పోసేది నేనే గద. ఎన్నిసార్లు కడిగిన్నో ఆ సీసాలను. గాదట. ఒక్క తల్లి పిల్లలు, ఒకటే సీసా నీళ్లు తాగుతయ్. కొన్నిటికి వస్తది, కొన్నిటికి రాదు. నెత్తురులనే ఉంటదట బిడ్డా. మీ నాయినకు ఆయన తల్లి నుంచి వచ్చింది. మీ ఇద్దర్ల ఎవరికన్న దిగొచ్చు. నువ్వు గోళీలు బంద్ చేసి ఒక్కసారి స్కానింగ్ చేయించుకో. ఆయనకు గూడ తలనొప్పితోనే మొదలైంది."

నిరోష రెండో బూటు విప్పకుండా వింటోంది.

"అంటే నీళ్లతోని గాదు."

"గాదు."

"అయితే నన్నెందుకు పంపినవ్?"

నర్సింగమ్మకు ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఇంటి నుంచి బయల్దేరినప్పటి నుంచి దీని కోసమే భయపడుతూ వచ్చింది. అయినా సిద్ధంగా లేదు. "నాకప్పుడు తెల్వదు బిడ్డా. మీ పానం కోసమే..."

"నల్లా వచ్చినప్పుడు గూడ తెల్వదా?"

నిరోష గొంతు పెంచలేదు. గొంతు పెంచితే బాగుండుననిపించింది నర్సింగమ్మకు.

"నీళ్లు మంచిగయినంక తీస్కపోతనన్నవ్. మంచిగయినయ్. నేను బట్టలు గూడ సర్దుకున్న. పెద్దమ్మకు కనపడకుండ మంచం కింద పెట్టిన. పరీక్షలయినయ్, సెలవులయినయ్. గప్పుడే నాకు సమజయింది, నీళ్ల కోసం గాదని. నువ్వు ఇప్పుడొచ్చి నీళ్లతోని గాదంటే నాకు కొత్తేం గాదు."

"నిరోషా, ఊకో" అన్నది జంగమ్మ. చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నల్లా వచ్చిందని నాకు గూడ తెలుసు. ఆ మంచం కింది సంచి గూడ నాకు తెలుసు. నేనేమన్న తోలిచ్చిన్నా? అడిగితే యాడ పోతవోనని కసువు ఊడ్సుడు గూడ ఆ మంచం కింద బంద్ చేసిన." గ్లాసులు కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. "అననుకుంటే ఇద్దరిని అను. ఒక్కదాన్నే అనకు."

నిరోష పెద్దమ్మ వైపు చూసి, చూపు తిప్పుకుంది. రెండో బూటు విప్పి గోడకు ఆనించింది.

"అన్నకు చెప్పినవా?"

లేదని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "చెప్పిన" అన్నది నర్సింగమ్మ.

"స్కానింగ్?"

"చేయించిన. వానికేం లేదు."

"ముందుగాల అన్నకే." అది అడగడం కాదు.

"వాడు దగ్గర్ల ఉన్నడని..."

"మేళ్లచెరువు దగ్గర. మహబూబ్‌నగర్ దూరం." నిరోష గోళీల అట్టను బ్యాగులో పడేసి లేచింది. "రేపు పొద్దుగాల పోదాం తియ్. ఒక్క పూట ఉరకకుంటే ఏం గాదు." లోపలికి వెళ్తూ, "చాయ్ తాగు, చల్లగయితది" అన్నది. ఆ మాట ఎవరితో అన్నదో తెలియలేదు. ఇద్దరు అక్కచెల్లెళ్లూ తాగలేదు.

స్కానింగ్ సెంటర్ కొత్త బస్టాండు దగ్గర ఉంది. కడుపు నిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకోలేనంత వచ్చాక చెప్పమన్నది కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి. నర్సింగమ్మ సంచిలోంచి సీసా తీసి మూత తిప్పబోయింది. నిరోష దాని వైపు చూసి, ఏమీ అనకుండా, గోడ పక్కన ఉన్న కూలర్ దగ్గరికి పోయింది. గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు నింపుకుని గటగటా తాగింది. ఇంకోటి తాగింది. వచ్చి కూర్చుని, కాసేపాగి, "సరిపోనట్టుంది" అన్నది.

"నేను తెస్త" అని లేచింది నర్సింగమ్మ. తను తెచ్చిన సీసాను మూత తీయకుండానే కుర్చీలో వదిలేసింది. గొలుసు కూలర్‌ను దాటి రాదు కనుక, పక్కన పేర్చిన కాగితపు గ్లాసు ఒకటి తీసి నల్లా కింద నింపింది. నింపాక, తనకు తెలియకుండానే చెయ్యి పైకి లేచింది. ట్యూబ్‌లైటు వెలుగుకు ఎత్తి చూస్తోంది. కాగితపు గ్లాసులోంచి ఏమీ కనిపించదు.

"చూసుడు అయిందా? ఇటియ్" అన్నది నిరోష వెనక నుంచి. అందుకుని తాగింది.

లోపలికి పిలిచినప్పుడు నిరోష బూట్లు విప్పి తల్లి చేతికిచ్చి, "నువ్వు ఈడనే ఉండు" అన్నది. నర్సింగమ్మ బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గ్రౌండు మట్టి చీర మీద రాలింది. తలుపు వైపు చూడకుండా ఆ మట్టినే చూస్తూ ఉంది. మామూలుగా ఎంతసేపు పడుతుందో నరేశ్ వెంట పోయినప్పుడు చూసింది. అంతకంటే ఎక్కువసేపు పట్టింది. తలుపు తెరుచుకుని, లోపలున్న డాక్టరమ్మ బయటికి తల పెట్టింది.

"ఈ అమ్మాయి వెంట వచ్చింది మీరేనా? లోపలికి రండి."

గది చీకటిగా ఉంది. తెర మీద బూడిద రంగు మసక. ఆ మసకలో అక్కడక్కడా నల్లటి గుండ్రాలు. సైదులుకు తీసినప్పుడు ఆ తెర తన వైపు తిప్పలేదు. ఇప్పుడు చూస్తోంది. నిరోష పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది.

"ఇప్పుడే భయపడాల్సిందేం లేదు. చిన్నగానే ఉన్నాయి" అన్నది డాక్టరమ్మ. "బీపీ చూపించుకోవాలి, నొప్పుల గోళీలు పూర్తిగా మానెయ్యాలి. తొందరగా చూసుకోవడం మంచిదైంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?"

అదే ప్రశ్న. నర్సింగమ్మ బూట్లను గట్టిగా పట్టుకుంది.

"వీళ్ల నాయినకు ఉండె మేడం. దాంతోనే పోయిండు. ఆయన తల్లికి గూడ ఉండె. ఆమె గూడ గట్లనే పోయింది." ఇంకా ఏదో మిగిలినట్టు అనిపించి, "నీళ్లతోని గాదు" అన్నది.

డాక్టరమ్మకు ఆ చివరి మాట అర్థం కాలేదు, తల ఊపి రాసుకుంది. "చిన్నప్పుడు ఈ అమ్మాయికి మూత్రంలో మంట, చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఇట్లాంటివి వచ్చేవా?"

నర్సింగమ్మ నోరు తెరిచింది. మూడో తరగతి దాకా అయితే చెప్పగలదు. ఏ నెలలో పాకింది, ఎప్పుడు తట్టు పోసింది, ఏ పాట పాడితే పడుకునేది. ఆ తర్వాత సెలవుల్లో వచ్చి పోయిన రోజులు తప్ప ఆమె దగ్గర ఏమీ లేవు. ఆ రోజుల్లో పిల్ల తాగిన నీళ్లు మాత్రం గుక్క గుక్క గుర్తున్నాయి.

"నాకు తెల్వదు మేడం" అన్నది. "నా దగ్గర పెరగలే."

డాక్టరమ్మ కలం ఆపి ఆమె వైపు చూసింది. నర్సింగమ్మ తల వంచుకుంది.

"వచ్చింది మేడం" అన్నది నిరోష, పైకప్పు మీదనుంచి చూపు తిప్పకుండానే. "ఏడో తరగతిల ఉన్నప్పుడు. మస్తు చలిజ్వరం. పక్కల నొప్పి. మా పెద్దమ్మ దవాఖానల పడుకోబెట్టింది. మళ్ల పదోతరగతి పరీక్షలప్పుడు ఒకసారి."

"మీ అమ్మకు చెప్పలేదా?"

"ఫికర్ పడతదని చెప్పలే."

డాక్టరమ్మ ఇంకా అడుగుతోంది. నిరోష ఒక్కొక్కటే చెప్తోంది. ఏ దవాఖాన, ఏ మందులు, రాత్రి ఎవరు పక్కన కూర్చున్నారు. నర్సింగమ్మ కూతురి బూట్లు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి, ఆ సంగతులన్నీ డాక్టరమ్మతో పాటు మొదటిసారి వింది.